చెరి సగం కట్టిన ఎక్స్‌పర్ట్ రిపోర్టు: ఇంగ్లండ్ ఫ్యామిలీ కోర్టు కోసం తీసుకున్న ఒక సేవపై రివ్యూ

ఇంగ్లండ్‌లో విడిపోయి ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక ఖర్చు ఎదురవుతుంది. దాని గురించి ముందే చెప్పేవాళ్లు తక్కువ. పిల్లల్ని సెలవులకు ఇండియా తీసుకెళ్తానని ఒకరు, వద్దని ఒకరు కోర్టుకెక్కితే, అక్కడి చట్టం ఏం చెబుతుందో నిపుణుడి చేత రాయించుకురమ్మని జడ్జి అనడానికే అవకాశం ఎక్కువ. అలా రిపోర్టు రాసిచ్చే ఒక సంస్థ సేవ గురించే ఈ రివ్యూ. వ్యాట్‌తో కలిపి 2,160 పౌండ్లు అయింది, ఆ తర్వాత అడిగిన ప్రశ్నలకు మరికొంత. అసలు రిపోర్టు ఖర్చు నేనూ, మా బిడ్డ వాళ్ల నాన్నా చెరి సగం కట్టాం. ఐదు స్టార్లకు నాలుగిస్తున్నాను. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఈ సంగతులు తెలుగులో నాకెక్కడా దొరకలేదు. సొలిసిటర్‌కు గంటల లెక్కన ఫీజు కట్టి ఒక్కొక్కటే తెలుసుకోవాల్సి వచ్చింది.

సంస్థ పేరు మాత్రం చెప్పను. ఈ పని చేసేవాళ్లు కొద్దిమందే, పేరు చెబితే మా కేసు ఏదో పోల్చుకోవడం కష్టం కాదు. ఇంగ్లండ్‌లో పిల్లల కేసులు మామూలుగా ప్రజల్ని లోపలికి రానివ్వకుండా విచారిస్తారు. 1960 నాటి అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆ కాగితాల్లో ఉన్నది బయటపెడితే కోర్టు ధిక్కారం కిందికి రావచ్చు. కోర్టు ప్రత్యేకంగా వద్దనకపోతే ఆర్డర్‌లో ఏముందో చెప్పుకోవచ్చు. రిపోర్టులో మా గురించి ఏం రాశారో, విచారణలో ఎవరేం మాట్లాడారో చెప్పకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి రిపోర్టుల పేజీలు ఫొటోలు తీసి పెట్టేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. నేను రాసేది బిల్లు గురించి, సేవ గురించి, అందరికీ అందుబాటులో ఉన్న చట్టం గురించి.

అసలు ఈ రిపోర్టు ఎందుకంటే, పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్లి వెనక్కి పంపకపోతే తిరిగి రప్పించడానికి 1980లో హేగ్ ఒప్పందం ఒకటి కుదిరింది. వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి, బ్రిటన్ ఉంది, భారతదేశం లేదు. చేరాలని మన లా కమిషన్ 2009లో తన 218వ నివేదికలోనే చెప్పింది, 2016లో 263వ నివేదికలో మళ్లీ దీన్ని చర్చించింది. ఇప్పటికీ చేరలేదు. అందుకని బిడ్డతో కలిసి అమ్మమ్మగారి ఊరు వెళ్లొస్తానని ఒక తల్లి అడిగినా, ఇక్కడి జడ్జికి వచ్చే మొదటి అనుమానం "తిరిగి రాకపోతే నా ఆర్డర్ అక్కడ చెల్లుతుందా" అనే. చెప్పిన ప్రకారం తిరిగి రాకపోయే ప్రమాదం ఎంత, రాకపోతే బిడ్డకు జరిగే నష్టం ఎంత, దాన్ని ఆపడానికి పెట్టే జాగ్రత్తలు ఎంత గట్టివి, ఈ మూడూ తూచాలని ఇక్కడి అప్పీలు కోర్టు ఎప్పుడో చెప్పింది. 2013లో ఇంకో కేసులో, ఆ జాగ్రత్తలు నిజంగా పనిచేస్తాయో లేదో చాలా కేసుల్లో నిపుణుల సాక్ష్యంతోనే తేలాలని స్పష్టం చేసింది. "మా వాళ్లు మంచివాళ్లు, నేను ఎందుకు రాను" అని మనం ఎంత మనసారా చెప్పినా ఆ చోటు నిండదు.

ఊళ్లో మా నాన్నగారికి ఇది చెప్పినప్పుడు ఆయన బాధపడ్డారు. "రెండు లక్షల పైచిలుకా? మన ప్లీడరు గారు ఇరవై ఏళ్లుగా తెలుసు, ఒక్క మాట చెబితే స్టాంపు వేసి రాసిచ్చేస్తారు కదమ్మా" అన్నారు. మన ఊళ్లలో ఎవరైనా అలాగే ఆలోచిస్తారు, ప్రేమతోనే అంటారు. కానీ ఆ కాగితం ఇక్కడ పనికిరాదు. నిపుణుడి బాధ్యత డబ్బు కట్టినవాళ్ల పట్ల కాదు, కోర్టు పట్ల. ఫ్యామిలీ ప్రొసీజర్ రూల్స్‌లో 25వ భాగం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పైగా పిల్లల కేసుల్లో కోర్టు అనుమతి లేకుండా నిపుణుణ్ని పెట్టుకోవడమే కుదరదు. 2014 నాటి చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ చట్టం 13వ సెక్షన్ ఆ మాట అంటుంది. కేసు న్యాయంగా తేలడానికి ఆ సాక్ష్యం అవసరం అయితేనే అనుమతిస్తారు, ఉంటే బాగుంటుందంటే చాలదు. అనుమతివ్వాలా వద్దా అని చూసేటప్పుడు ఖర్చు ఎంతవుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలని అదే సెక్షన్‌లో ఉంది.

సంస్థను ఎంచుకోవడం దగ్గర నుంచి మొదలుపెడతాను. అనుమతి కోసం వేసే దరఖాస్తులోనే నిపుణుడి బయోడేటా, ఎప్పటికి రిపోర్టు ఇవ్వగలరు, గంటకు ఎంత, మొత్తం ఎంత, ఆ మొత్తాన్ని ఎవరెవరు ఎంతెంత కట్టాలని మీ ప్రతిపాదన, ఇవన్నీ ఉండాలి. అందుకని ముందే కొటేషన్లు తెప్పించుకోవాలి. కొన్ని చోట్ల నుంచి వచ్చిన జవాబులు చూస్తే తేడా బాగా తెలిసింది. ఒకరు "సుమారు ఇంత" అని ఒక్క లైను రాశారు. ఇంకొకరు ఫీజు తక్కువే చెప్పారు గానీ ఆంధ్ర, తెలంగాణ కోర్టుల్లో పనిచేసిన అనుభవం గురించి ఒక్క ముక్క లేదు. మేము తీసుకున్న సంస్థ రెండు పేజీల జవాబు పంపింది. పది గంటల పని, గంటకు 180 పౌండ్లు, మొత్తం 1,800, దానిపై 20 శాతం వ్యాట్ 360, వెరసి 2,160. ఆ పది గంటల్లో కాగితాలు చదవడానికి ఎంత, చట్టం వెతకడానికి ఎంత, రాయడానికి ఎంత అని విడదీసి చూపించారు. రాసే నిపుణుడు భారతదేశంలో హైకోర్టుల ముందు వాదించిన న్యాయవాది, ఇప్పుడు లండన్‌లో ఉంటున్నారు. ఇలాంటి కేసుల్లో తల్లుల తరఫునా, తండ్రుల తరఫునా రాసిన అనుభవం ఉందని బయోడేటాలో ఉంది. నాకు నమ్మకం కలిగింది అక్కడే. ఒక వైపు వాళ్లకే రాసే నిపుణుణ్ని అవతలి పక్షం ఒప్పుకోదు, ఒప్పుకున్నా జడ్జి దగ్గర విలువ తగ్గుతుంది.

ఇక వాటాల సంగతి. ఇలాంటి కేసుల్లో గొడవ ఎక్కడొస్తుందో ఇక్కడి తెలుగువాళ్ల మధ్య చాలాసార్లు విన్నాను. "వెళ్తానన్నది నువ్వు, కాబట్టి నువ్వే కట్టుకో" అని ఒకరు. "వద్దన్నది నువ్వు, నీ అనుమానం తీర్చడానికే ఈ రిపోర్టు, కాబట్టి నువ్వే కట్టు" అని ఇంకొకరు. రెండింట్లోనూ కొంత న్యాయం ఉంది. అందుకే మామూలుగా చెరి సగం అంటారు. కచ్చితంగా సగమే ఉండాలని రూలేమీ లేదు, జీతాల్లో తేడా ఎక్కువుంటే వాటాలు మారుస్తారు. ఒకరికి లీగల్ ఎయిడ్ ఉంటే వాళ్ల వాటా అది చూసుకుంటుంది. కానీ 2013 ఏప్రిల్ నుంచి తల్లిదండ్రుల మధ్య కేసులకు లీగల్ ఎయిడ్ దాదాపు తీసేశారు. గృహహింసకు ఆధారాలున్నవాళ్లకు, అదీ ఆదాయ పరిమితికి లోబడి, మిగిలింది. ఉద్యోగం చేసుకునే మనలాంటివాళ్లు జేబులోంచి కట్టుకోవాల్సిందే.

మా ఆర్డర్‌లో చెరి సగం అని ఉంది. అంతటితో ఆగి ఉంటే నేను ఈ సేవకు రెండు స్టార్లే ఇచ్చేదాన్నేమో. సగం అన్న మాట ఒక్కటే రాసుకుంటే, ఎవరైనా కట్టకపోతే ఏమవుతుందో తెలియదు. రూల్ 25.12 ఒక గట్టి మాట చెబుతుంది. కోర్టు వేరేగా చెప్పకపోతే ఇద్దరూ కలిసీ, విడివిడిగానూ మొత్తం ఫీజుకు బాధ్యులే. అంటే అవతలి మనిషి తన 1,080 ఎగ్గొడితే, నిపుణుడు నన్ను పట్టుకుని 2,160 మొత్తం అడగొచ్చు. మా ఇద్దరి మధ్య సగం సగం అన్నది మాకూ మాకూ ఉన్న లెక్క, నిపుణుడికి దాంతో పనిలేదు. పోనీ తర్వాత ఖర్చుల కింద రాబట్టుకుందామా అంటే, పిల్లల కేసుల్లో ఒకరి ఖర్చు ఇంకొకరి మీద వేయడం ఇక్కడ చాలా అరుదు. మరీ అన్యాయంగా నడుచుకుంటే తప్ప జడ్జిలు ఆ పని చేయరు.

నేను గంట సేపటికి మాత్రమే పెట్టుకున్న సొలిసిటర్ ఈ విషయం వివరంగా చెప్పి, ఆర్డర్‌లో నాలుగు మాటలు అదనంగా ఉండేలా ముసాయిదా రాసిచ్చారు. అవి ఇలా ఉన్నాయి. ఫీజు 2,160కి మించకూడదు, మించితే మళ్లీ కోర్టు అనుమతి కావాలి. ఇద్దరూ తమ వాటాను ఫలానా తేదీలోగా నేరుగా సంస్థకే కట్టాలి. ఆ తేదీకి ఒకరు కట్టకపోతే మరొకరు కట్టొచ్చు, కట్టిన దాన్ని మొదటివాళ్లు తిరిగివ్వాలి. రిపోర్టు వచ్చాక ఎవరు ప్రశ్నలడిగితే వాటి ఖర్చు వాళ్లదే. నిపుణుణ్ని పెట్టకముందే ఖర్చుకు పరిమితి పెట్టే అధికారం కోర్టుకు అదే రూల్‌లో ఉంది, అడిగితేనే గుర్తుకొస్తుంది. ఈ నాలుగు మాటలకు నాకైన ఖర్చు ఆ గంట ఫీజే. మీకు పూర్తిగా సొలిసిటర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోయినా, డబ్బు దాచుకుని సరిగ్గా ఈ విచారణకి ముందు ఒక గంట ఖర్చు పెట్టండి.

అది ఎంత అక్కరకొచ్చిందో బిల్లు చూశాకే అర్థమైంది. సంస్థ పంపిన మొదటి ఇన్వాయిస్ నాకు 2,160కి వచ్చింది. అదే రోజు అదే అంకెతో మా బిడ్డ వాళ్ల నాన్నకీ వెళ్లింది. పైన ఇద్దరి ఇంటిపేర్లూ, కింద చిన్న అక్షరాల్లో "ఇరువురూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు" అని, దాని కింద బ్యాంకు ఖాతా. వాటాల గురించి ఎక్కడా లేదు. జీతంలోంచి నెలనెలా వెయ్యి పక్కనపెట్టిన మనిషికి ఆ అంకె చూడగానే ఎంత టెన్షన్ వస్తుందో వాళ్లు ఒక్కసారి ఊహించుకోవాలి. ఆర్డర్ కాపీ జతచేసి మెయిల్ పెట్టాను. మర్నాడే రెండు వేర్వేరు ఇన్వాయిస్‌లు, చెరొకటి 1,080కి, సవరించి పంపారు. మర్యాదగానే జవాబిచ్చారు, వాదన పెట్టుకోలేదు. కానీ ఆర్డర్ వాళ్ల దగ్గర ముందే ఉంది. మొదటిసారే చదివి వేర్వేరుగా పంపాల్సింది. పోయిన స్టారులో సగం దీనికే.

రెండు వాటాలూ ఖాతాలో పడేదాకా పని మొదలుపెట్టరు. ఇది వాళ్ల షరతుల్లో స్పష్టంగా ఉంది, తప్పు పట్టను. విడిపోయిన దంపతుల దగ్గర అరువు పెట్టి పనిచేస్తే ఎన్ని బిల్లులు మునుగుతాయో వాళ్లకు తెలిసే ఉంటుంది. మా విషయంలో ఒక వాటా కాస్త ఆలస్యమైంది, ఎవరిదో చెప్పను. ఆ ఆలస్యంలో సంస్థ ప్రవర్తించిన తీరు నాకు నచ్చింది. ఒకరికి ఫోన్ చేసి రెండోవాళ్ల మీద చాడీలు చెప్పడం లాంటివి లేవు. ఇద్దరికీ ఒకే మెయిల్, ఒకే మాటలు. "ఇంకా ఒక వాటా రావాల్సి ఉంది, ఫలానా తేదీలోగా వస్తే రిపోర్టు తేదీ మారదు" అని. ఈ కేసంతటిలో ఇద్దరినీ ఒకే దూరంలో నిలబెట్టి మాట్లాడినవాళ్లు వీళ్లే. చుట్టాలు, స్నేహితులు, గుడిలో కలిసేవాళ్లు, అందరూ ఏదో ఒక వైపు ఉన్నవాళ్లే కదా.

నిపుణుడికి ఇచ్చే ప్రశ్నల ఉత్తరం, అంటే లెటర్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్, అనుమతి దొరికిన విచారణ తర్వాత ఐదు పనిదినాల్లో తయారవ్వాలి. ఒక పక్షానికి సొలిసిటర్ ఉంటే మామూలుగా వాళ్లే ముసాయిదా రాస్తారు. రెండో పక్షం దాన్ని చూసి "సరే" అనేస్తే సగం డబ్బు కట్టీ ప్రశ్నలు అవతలివాళ్లకు వదిలేసినట్టే. ఉదాహరణకి, "భారతదేశంలో ఇంగ్లండ్ ఆర్డర్ అమలు చేయించుకోవడం సాధ్యమా" అని అడిగితే జవాబు ఒక రకంగా వస్తుంది. "ఏయే జాగ్రత్తలు పెడితే తిరిగి రాకపోయే ప్రమాదం తగ్గుతుంది, వాటిలో ఏది అక్కడి కోర్టులో నిలబడుతుంది, దానికి ఎంత కాలం, ఎంత ఖర్చు" అని అడిగితే ఇంకో రకంగా వస్తుంది. మొదటిది లేకుండా కుదరదు, కానీ అదొక్కటే ఉంటే రిపోర్టు ప్రయాణం వద్దనే వైపుకే వంగుతుంది. రెండు రకాల ప్రశ్నలూ ఉండాలని పట్టుబట్టండి. ఈ సంస్థ ఇక్కడ ఒక మంచి పని చేస్తుంది. ఉత్తరం రాగానే, రాయడం మొదలుపెట్టకముందే, ఏదైనా ప్రశ్న అస్పష్టంగా ఉంటే ఇద్దరికీ తిరిగి రాసి సరిచేయించుకుంటుంది. దానికి ఫీజు తీసుకోలేదు.

రిపోర్టు చెప్పిన తేదీకే వచ్చింది. అందులో మాకు సంబంధించిన భాగం వదిలేసి, పుస్తకాల్లో ఎవరైనా చూసుకోగల చట్టాన్ని వాళ్లు ఎలా విప్పి చెబుతారో రాస్తాను, ఎందుకంటే నేను డబ్బు కట్టింది అందుకే. ముందు మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్. బ్రిటన్ కోర్టుల డిక్రీలను ఇండియాలో నేరుగా అమలు చేయించుకునే దారి అది, వినగానే ప్రాణం లేచొస్తుంది. కానీ అది డబ్బు చెల్లించమనే డిక్రీలకే, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలనే ఆర్డర్లకు కాదు. అక్కడ మళ్లీ కేసు వేసుకోవాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టుకే అధికారం ఉంటుంది. 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం అన్నిటికంటే ముందు బిడ్డ క్షేమమే చూడాలి. లేదంటే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే బిడ్డను కోర్టు ముందుకు తీసుకురమ్మని అడిగే పిటిషన్, వేయాలి.

ఆ హెబియస్ కార్పస్ కేసులు ఎటు తేలతాయన్న దగ్గరే మంచి నిపుణుడికీ, పేరుకు నిపుణుడికీ తేడా. 2015లో, ఇంగ్లండ్ నుంచి కోయంబత్తూరు తీసుకొచ్చిన ఇద్దరు ఆడపిల్లల కేసులో, వాళ్లను తిరిగి ఇంగ్లండ్ పంపాలన్నట్టుగా మన సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, విదేశీ కోర్టు ఆర్డర్‌కు చాలా గౌరవం ఇచ్చింది. రెండేళ్లకే, 2017లో, ఇంగ్లండ్‌ నుంచే ఢిల్లీకి వచ్చిన ఇంకో బిడ్డ కేసులో ముగ్గురు జడ్జీలు ఆ దారి ఒప్పుకోలేదు. విదేశీ ఆర్డర్ చూడాల్సినవాటిలో ఒకటి మాత్రమే, బిడ్డ క్షేమం ఏమిటో మేమే తేలుస్తామన్నారు, ఆ పాపను తల్లి దగ్గరే ఉంచారు. 2019లో మళ్లీ, అమెరికా నుంచి ఇద్దరు పిల్లల్ని హైదరాబాద్ తీసుకొచ్చిన తెలుగు దంపతుల కేసులో, ఆ పిల్లలు మామూలుగా నివసించేది అమెరికాలో కాబట్టి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టుకు అధికారం లేదని, వాళ్లను వెనక్కి పంపాలని చెప్పింది. ఈ మూడింటిలో తనకు కావాల్సిన ఒక్కటి చూపించి రిపోర్టు రాయడం చాలా తేలిక. అభిప్రాయాలు రెండు రకాలుగా ఉంటే రెండూ రాసి, తాను దేనివైపు మొగ్గుతున్నాడో కారణం చెప్పాలన్నది ఇక్కడి నిపుణులకు పెట్టిన నియమం. ఈ సంస్థ ఆ నియమాన్ని అక్షరాలా పాటిస్తుంది. చట్టం పుస్తకంలో ఏముంది, కోర్టులో జరిగేటప్పుడు ఎంత కాలం పడుతుంది అన్న రెండింటినీ విడివిడి శీర్షికల కింద రాస్తారు. మిర్రర్ ఆర్డర్, అంటే ఇక్కడి ఆర్డర్‌కు అద్దంలా అక్కడి కోర్టు నుంచి ఇంకో ఆర్డర్ తెచ్చుకోవడం, అన్నది వినడానికి సులువు. 2020లో కెన్యాకు వెళ్లే బిడ్డ కోసం అక్కడి కోర్టు నుంచి అలాంటిది తెమ్మని మన సుప్రీంకోర్టే అడిగింది. కానీ మన కోర్టుల నుంచి తెచ్చుకోవడానికి ప్రత్యేకమైన చట్టమేమీ లేదు. ఎంత కాలం పడుతుందో, సెలవులు అయిపోయేలోగా వస్తుందో రాదో ఉన్నదున్నట్టు చెప్పే నిపుణుడు కావాలి. తల్లికైనా తండ్రికైనా ఆశ పెట్టి రాసిన రిపోర్టు చివరికి ఎవరికీ మేలు చేయదు.

పదిహేను పేజీలు మించలేదు. నా చదువు సైన్సు, న్యాయశాస్త్రం కాదు. అయినా డిక్షనరీ లేకుండా ఒకే కూర్చోవడంలో చదవగలిగాను. అవతలి వైపూ అదే చదివారు, అదే బల్ల మీద పెట్టుకున్నారు. ఎవరి నిపుణుణ్ని వాళ్లు పెట్టుకుని ఉంటే రెండు రిపోర్టులు, రెండు ఫీజులు, ఆపైన ఇద్దరు నిపుణుల మధ్య కొట్లాట. చెరి సగం పద్ధతిలో డబ్బు ఆదా అన్నది చిన్న లాభం. ఇద్దరం డబ్బు పెట్టిన కాగితం కాబట్టి "అది మీవాళ్లు రాయించింది" అనడానికి ఇద్దరికీ వీల్లేకుండా పోవడం పెద్ద లాభం.

రిపోర్టు అందిన రోజు నుంచి పది రోజుల్లోగా ప్రశ్నలు పంపొచ్చు. ఒక్కసారే, అదీ అర్థంకానిది విడమరచి చెప్పమని అడగడానికే తప్ప వాదించడానికి కాదు. పంపిన ప్రశ్నల కాపీ అదే సమయంలో అవతలివాళ్లకూ వెళ్లాలి. నేను పంపిన ప్రశ్నలకు రెండు గంటల పని అని చెప్పి, 360 పౌండ్లు, వ్యాట్ 72, మొత్తం 432 బిల్లు వేశారు. ఆర్డర్ ప్రకారం అది పూర్తిగా నాదే, కట్టాను. జవాబులు బాగున్నాయి. నా అసంతృప్తి వేరే చోట. ఆ బిల్లు ఎంతవుతుందో ముందే అడిగితే "చూసి చెబుతాం" అన్నారు, పని అయ్యాకే అంకె వచ్చింది. మొదటి కొటేషన్ అంత పద్ధతిగా ఇచ్చినవాళ్లు దీనికీ అలాగే ఇవ్వాలి. మెయిల్‌కు జవాబిచ్చినా ఆరు నిమిషాల లెక్కన రాసుకుంటామని షరతుల్లో ఉంది. నా బిల్లులో అలా వేయలేదు గానీ, ఆ వాక్యం ఉన్నంతకాలం ఏదైనా అడగాలంటే చేయి వెనకాడుతుంది. పోయిన స్టారులో మిగిలిన సగం ఇదే.

షరతుల్లో ఇంకొకటి కూడా చూసుకోండి. నిపుణుడు కోర్టుకొచ్చి, వీడియోలోనైనా సరే, సాక్ష్యం చెప్పాలంటే సగం రోజుకు 700 పౌండ్లు, వ్యాట్ అదనం. బుక్ చేశాక, విచారణకు వారం కూడా లేదనగా రద్దు చేస్తే సగం పోతుంది. ఇక్కడి రూల్స్ ప్రకారం నిపుణుడి సాక్ష్యం మామూలుగా రాతలోనే, అవసరమని కోర్టు అనుకుంటేనే పిలుస్తారు. అందుకని ముందు జాగ్రత్తగా బుక్ చేసి పెట్టుకోవద్దు. ఎవరు పిలవాలనుకుంటే వాళ్లు దరఖాస్తు పెట్టి, ముందుగా వాళ్లే కట్టాలని ఆర్డర్‌లో రాయించుకుంటే గొడవ ఉండదు.

ఆంధ్రలోనో తెలంగాణలోనో ఫ్యామిలీ కోర్టులో కేసు నడుస్తున్న నా స్నేహితురాళ్లు ఇది విని అక్కడ ఎలా అని అడిగారు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద డాక్టర్లు, సంక్షేమ నిపుణుల సాయం కోర్టు తీసుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ ఆర్డర్ రెండో రూల్ ప్రకారం సాక్షిని పిలిచేవాళ్లు ఖర్చులు ముందే జమ చేయాలి. నిపుణుడైతే వచ్చిన సమయానికే కాదు, కేసు కోసం చేసిన పనికి కూడా తగిన ప్రతిఫలం కోర్టు నిర్ణయించొచ్చు. ఇక్కడిలా ఉమ్మడిగా నియమించి చెరి సగం వేసే పద్ధతి అక్కడ అంతగా అలవాటు లేదు. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద ఆదాయం లేని భార్య గానీ భర్త గానీ కేసు ఖర్చులు అడగొచ్చు, ఈ ఖర్చును అందులో చూపించమని మీ లాయరు గారిని అడగండి.

ఇంగ్లండ్‌లోనే ఉండి, మీకు కావాల్సింది చట్టం మీద కాక బిడ్డ మనసు మీద రిపోర్టు అయితే, సగం డబ్బు కట్టకముందు ఒక్క పని చేయండి. ఇక్కడ ఉత్తి "సైకాలజిస్ట్" అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, దానికి చట్టం రక్షణ లేదు. క్లినికల్, ఫోరెన్సిక్, ఎడ్యుకేషనల్ లాంటి పేర్లకు మాత్రం ఇలాంటి వృత్తులవాళ్లను నియంత్రించే హెచ్‌సీపీసీ అనే సంస్థ రిజిస్టర్‌లో ఉండాలి. 2023లో ఫ్యామిలీ డివిజన్ ప్రెసిడెంట్ సర్ ఆండ్రూ మెక్‌ఫార్లేన్ ముందుకు వచ్చిన కేసులో గొడవంతా దీని చుట్టూనే నడిచింది. ఆ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. అలాగే ఫ్యామిలీ కోర్టు కేసుల్లో పిల్లల క్షేమం చూసే ప్రభుత్వ సంస్థ కాఫ్‌కాస్ ఆఫీసర్ రాసే సెక్షన్ 7 రిపోర్టుకు, అంటే బిడ్డ క్షేమంపై కోర్టు అడిగే రిపోర్టుకు, తల్లిదండ్రులు ఏమీ కట్టనక్కర్లేదు. అది చాలే చోట ప్రైవేటు సైకాలజిస్ట్‌కు వేలు పోయడానికి తొందరపడొద్దు.

ఈ సంస్థను మళ్లీ తీసుకుంటానా అంటే, తీసుకుంటాను. వచ్చే ఏడాది మళ్లీ ఊరికి వెళ్లాల్సి వస్తే మొత్తం రిపోర్టు అక్కర్లేదని, మధ్యలో కొత్త తీర్పులేమైనా వచ్చాయో చూసి సవరించి ఇవ్వడానికి రెండు మూడు గంటల ఫీజు చాలని ముందే రాతలో ఇచ్చారు. ఈసారి ఆ అంకెతో పాటే, ఇద్దరి పేరిట వేర్వేరు ఇన్వాయిస్‌లు కూడా మొదటి మెయిల్‌లోనే అడుగుతాను.